అటక మీంచి దించిన మెషిన్‌లో చిప్పు ఆఖర్న చూడాలి

వైజాగ్‌లో పాత మెషిన్ ఏదైనా సరే, స్పెక్ట్రమ్ అనే 80ల నాటి ఇంటి కంప్యూటర్ గానీ, చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ గానీ, గోడౌన్ మూలన పడున్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ గానీ, అటక మీంచి దించి ప్లగ్గు పెట్టాక ఉలుకూ పలుకూ లేకపోతే మొట్టమొదట వినపడే మాట "ఐసీ పోయినట్టుంది, ఇప్పుడెక్కడ దొరుకుద్ది" అని. ఆ ఒక్క మాటతో మెషిన్ తుక్కు బండి ఎక్కేస్తుంది. చాలాసార్లు ఇది తప్పుడు నిర్ణయం. ఐసీ, అదే చిప్పు, అంటే ప్లాస్టిక్‌లోనో సెరామిక్‌లోనో సీలు చేసేసిన సరుకు, దానికి కదిలే భాగం లేదు, ఎండిపోయేది లేదు, నలభై ఏళ్ళయినా చాలావరకు అలాగే ఉంటుంది. పోయేవన్నీ దాని చుట్టూ ఉండేవి, అంటే పవర్ సప్లై, కండెన్సర్లు, కనెక్టర్లు, ఐసీలు గుచ్చే బేసులు, రబ్బరు బెల్టులు, డ్రై సోల్డర్ అయిన, అంటే అతుకు పట్టు వదిలిన కాళ్ళు. సముద్రం పక్కన ఊరు కాబట్టి ఇక్కడ ఇవి ఇంకాస్త తొందరగా పోతాయి, అందుకే రిపేరులో దేని తర్వాత ఏది చూడాలి అన్న వరస వైజాగ్‌లో మరీ ముఖ్యం.

ఉప్పుగాలి అంటే అందరికీ తెలుసు, గేటుకి తుప్పు, ఫ్రిజ్ కింద తుప్పు, బీచ్ రోడ్డు వైపు ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తొందరగా తినేయడం, ఇవన్నీ రోజూ చూసేవే. కానీ బోర్డు మీద అది చేసే పని కంటికి కనపడదు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీళ్ళు లాక్కుని కరిగిపోవడం మొదలెడుతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అదైతే 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. వంటింట్లో జాడీలో గళ్ళుప్పు ఎప్పుడూ తడితడిగా ఉండేది ఇందుకే. అదే ఉప్పు పల్చటి పొరలాగ సర్క్యూట్ బోర్డు మీద కూర్చుంటే వానాకాలంలో అది తడిసి రెండు ట్రాకుల మధ్య కరెంటు పాకడానికి దారి ఇస్తుంది, మళ్ళీ ఎండ కాసినప్పుడు ఆరిపోతుంది, అందుకే కొన్ని మెషిన్లు వేసవి మధ్యాహ్నం పని చేసి ఆషాఢంలో మొండికేస్తాయి, చూసేవాళ్ళకి ఇదేదో చిప్పు వేడెక్కే గొడవలాగ అనిపిస్తుంది గానీ అసలు సంగతి తేమ. రాగి ట్రాకులకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. 80ల మొదట్లో వచ్చిన కొన్ని చిప్పుల కాళ్ళకి వెండి పూత ఉండేది, అవి గాలిలో గంధకం తగిలి నల్లబడిపోతాయి, ఆ నలుపు చూసి కాలిపోయిందేమో అనుకుంటారు, కాలలేదు. పాత ఊరు, పోర్టు చుట్టుపక్కల ఇళ్ళల్లో అయితే దీనికి తోడు నల్లటి పొడి కూడా, ఆ పొడి ఉప్పుతో కలిసి తడిస్తే ఫ్యాన్ రెక్కల మీదా కనెక్టర్ల సందుల్లోనూ జిగురులాగ పట్టేస్తుంది, బ్రష్షుతో దులిపితే రాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు కిటికీలు ఊడిపోయి వాన నీళ్ళు, సముద్రం తుంపర ఇళ్ళల్లోకి కొట్టేశాయి, రోజుల తరబడి కరెంటు లేదు, అందరూ తడిసిన సామాను తుడిచేసి ఆరబెట్టి పైన పెట్టేశారు. అప్పట్లో అంతకంటే ఏం చేయగలరు. కానీ ఎలక్ట్రానిక్స్ విషయంలో ఆరబెట్టడం ఒక్కటే సరిపోదు, నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది, ఆ తర్వాత ప్రతి వానాకాలం అదే ఉప్పు మళ్ళీ తడుస్తుంది. ఉప్పు నీళ్ళు పడ్డ బోర్డుని మంచి నీళ్ళతో కడగాలి, వినడానికి భయంగా ఉంటుంది గానీ కరెంటు లేనప్పుడు నీళ్ళు బోర్డుని ఏమీ చేయవు. బ్యాటరీ ఉంటే ముందు తీసేసి, స్పీకరు, ట్రాన్స్‌ఫార్మరు, ఫ్లాపీ డ్రైవు లాంటివి విప్పి పక్కన పెట్టి, మెత్తటి బ్రష్షుతో కడిగి, ఆఖరి తడవ బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఎందుకంటే కుళాయి నీళ్ళలో, బోరు నీళ్ళలో కూడా లవణాలు ఉంటాయి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే మిగిలిన నీటిని అది తనతో పట్టుకుపోతుంది. ఫ్యాను కింద నీడలో రెండు మూడు రోజులు ఉంచేయాలి, తొందరపడకూడదు, ఐసీ బేసుల లోపల తడి అంత త్వరగా పోదు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో నీళ్ళు, వేరే పదార్థాలు కలుస్తాయి కాబట్టి అది దీనికి అంత మంచిది కాదు.

ఇక కరెంటు దగ్గరికి వస్తే, ఏళ్ళ తరబడి ఆపేసిన మెషిన్‌ని దించీ దించగానే ప్లగ్గు పెట్టడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు, అప్పటిదాకా బాగున్నవి కూడా ఆ ఒక్క క్షణంలో పోవచ్చు. పాత టీవీ మెకానిక్కుల దగ్గర దీనికి చక్కటి పనిముట్టు ఉంది, సిరీస్ బల్బు. ఫేజు వైరు మధ్యలో ఒక 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి దాని ద్వారా మెషిన్‌కి కరెంటు ఇస్తారు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగిపోతుంది, మెషిన్ బతికిపోతుంది. ఒక్కసారి మెరిసి మసకబారితే పెద్ద షార్ట్ లేనట్టు. స్విచింగ్ పవర్ సప్లైలకి, అంటే బరువైన ట్రాన్స్‌ఫార్మరు లేని రకానికి, ఆ బల్బు వెలిగి ఆరుతూ కొట్టుకోవచ్చు, అది కంగారు పడాల్సింది కాదు, అలాంటి సప్లైలు కొన్ని లోడు లేకపోతే అసలు లేవవు కూడా. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు, ఫిలమెంట్ బల్బే కావాలి, ఎందుకంటే వేడెక్కిన కొద్దీ ఆ ఫిలమెంట్ రెసిస్టెన్స్ పెరగడమే ఇక్కడ కాపలా కాసేది. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి, 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక స్విచింగ్ సప్లైలోని పెద్ద కండెన్సర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలబడుతుంది, ప్లగ్గు తీసేసినా కాసేపు అలాగే ఉంటుంది, మీటరు పెట్టి చూడకుండా అందులో వేలు పెట్టకూడదు.

బీబీసీ మైక్రో కథ దీనికి మంచి ఉదాహరణ. 1981లో ఎకార్న్ తయారుచేసిన ఈ కంప్యూటరే మన దేశంలో పిల్లలకి కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్ళకి వచ్చింది, తర్వాత సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వాళ్ళు దాన్నే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేశారు. చాలామంది మొదటిసారి కీబోర్డు ముట్టుకుంది దీని మీదే. ఇప్పుడు దీన్ని ఆన్ చేస్తే చాలాసార్లు ఐదు పది నిమిషాల తర్వాత టప్పుమని చప్పుడొచ్చి గది నిండా ఘాటు పొగ కమ్మేస్తుంది, ఇంక అయిపోయింది అనుకుంటారు. అయిపోయింది ఒక చిన్న ఫిల్టర్ కండెన్సర్ మాత్రమే. రీఫా కంపెనీ కండెన్సర్లు అవి, తేనె రంగులో గాజులాగ కనపడే కవచం లోపల కాగితం ఉంటుంది, ఏళ్ళు గడిచేసరికి కవచానికి వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి, అందులోంచి తేమ కాగితానికి చేరుతుంది, మెయిన్స్ కరెంటు అడ్డంగా దాని మీదే ఉంటుంది కాబట్టి అది షార్ట్ అయి పేలుతుంది. తేమ ఎక్కువున్న ఊళ్ళో ఈ కాగితానికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆన్ చేయకముందే తీసేసి మెయిన్స్ మీద వాడటానికే చేసిన ఎక్స్2 రకం కొత్తవి వేస్తే పొగా ఉండదు, భయమూ ఉండదు, ఖర్చు టిఫిన్ ఖర్చంత కూడా కాదు.

చిన్న మెషిన్లకి గండం వేరే రూపంలో వస్తుంది, ఎలిమినేటర్ రూపంలో. బ్యాటరీ ఎలిమినేటర్ అని అందరి ఇళ్ళల్లో ఉండే నల్ల డబ్బా, చివర నాలుగు రకాల పిన్నులు, పక్కన 3 నుంచి 12 వోల్టుల దాకా తిప్పే స్విచ్చు. స్పెక్ట్రమ్‌కి 9 వోల్టులు కావాలి కదా అని 9 దగ్గర పెట్టి గుచ్చేస్తారు. స్పెక్ట్రమ్‌కి పిన్ను మధ్యభాగం నెగటివ్, ఇప్పుడు దొరికే అడాప్టర్లు ఎక్కువ శాతం మధ్యభాగం పాజిటివ్, ఉల్టా పడితే లోపల ఏమేం పోతాయో లెక్క చెప్పలేం. నింటెండో వాళ్ళ ఫామికామ్‌కి నకలు గేములు, అంటే పైన క్యాసెట్ గుచ్చే ఆ వీడియో గేములు, వాటిలోనూ కంపెనీకో తీరు ఉంటుంది కాబట్టి డబ్బా కింద గీసిన బొమ్మ చూసి, మీటరుతో కొలిచి, అప్పుడే గుచ్చాలి. రెండో సంగతి, ఆ పాత ఎలిమినేటర్లు రెగ్యులేటెడ్ కావు, 9 అని రాసున్నా లోడు లేనప్పుడు 13, 14 వోల్టులు చూపిస్తాయి. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకి దించుతుంది, మిగిలిందంతా వేడిగా పోవాలి, 1 ఆంపియర్ దగ్గర 9 వోల్టులు ఇస్తే 4 వాట్ల వేడి, 12 ఇస్తే 7 వాట్లు, మన మే నెల ఉక్కపోతలో దాని వేడిని లాగే ఆ చిన్న రేకు మీద 7 వాట్లు అంటే చేయి పెట్టలేనంత. అరగంట ఆడాక స్క్రీను ఆగిపోయి, చల్లారాక మళ్ళీ వచ్చే గేములన్నిట్లో ముందు చూడాల్సింది ఇదే. సరిపడా ఆంపియర్లున్న మంచి 9 వోల్టుల స్విచింగ్ అడాప్టర్, సరైన పోలారిటీతో పెడితే సగం జబ్బులు అక్కడే తగ్గిపోతాయి.

స్పెక్ట్రమ్ ఇంకొంచెం సున్నితం. 1982లో వచ్చిన ఈ చిన్న నల్ల కంప్యూటర్‌ని మన దగ్గర డెసిబెల్స్ వాళ్ళు డీబీ స్పెక్ట్రమ్ అని అమ్మారు. ఇందులో కింది 16కే మెమరీకి 4116 అనే చిప్పులు ఎనిమిది వాడారు, వాటికి 5 వోల్టులు ఒక్కటే చాలవు, 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు కూడా కావాలి. ఆ రెండూ బోర్డు మీదే ఒక చిన్న కాయిల్, టీఆర్4, టీఆర్5 అనే రెండు ట్రాన్సిస్టర్లు కలిసి తయారుచేస్తాయి. ఆ టీఆర్4 పోవడం స్పెక్ట్రమ్‌లో అందరికీ తెలిసిన రోగం. అసలు నష్టం ఏంటంటే మైనస్ 5 లేకుండా 12 వోల్టులు ఉండిపోతే 4116 చిప్పులు ఒక్కొక్కటిగా మాడిపోతాయి, అప్పుడు స్క్రీను మీద నిలువు చారలు వస్తాయి, మెకానిక్కు మెమరీ చిప్పు మారుస్తాడు, కొత్తదీ పోతుంది, మళ్ళీ మారుస్తాడు. తప్పు చిప్పుది కాదు, దానికి అన్నం పెట్టే చెయ్యిది. చిప్పు తాకకముందు ఆ మూడు వోల్టేజీలు కొలవడం అరనిమిషం పని. 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి, ఈ లెక్క స్పెక్ట్రమ్‌కే కాదు ఆ కాలపు అన్ని మెషిన్లకీ వర్తిస్తుంది. కమోడోర్ 64 మన ఊళ్ళో అరుదు గానీ దాని ఒరిజినల్ పవర్ డబ్బా ఇంకా ప్రమాదం, ముసలిదైపోయాక 5 వోల్టుల లైను మీద ఎక్కువ వోల్టేజీ వదిలేసి లోపలి చిప్పులన్నీ కాల్చేస్తుంది, దాన్ని వాడకపోవడమే మంచిది.

కండెన్సర్ల గురించి ఇంటర్నెట్‌లో ఒక అలవాటు బలంగా పాతుకుపోయింది, మెషిన్ చేతికి రాగానే కండెన్సర్లన్నీ పీకేసి కొత్తవి వేయడం. అన్నిటికీ ఇది అక్కర్లేదు, చేతి వాటం లేనివాళ్ళు చేస్తే పాత బోర్డు ట్రాకులు లేచిపోతాయి, లేని రోగం తెచ్చినట్టవుతుంది. 80ల మొదటి మెషిన్లలో కాళ్ళున్న కండెన్సర్లు చాలావరకు ఇంకా బాగానే ఉంటాయి, కండెన్సర్ లోపలి రెసిస్టెన్స్ కొలిచే ఈఎస్ఆర్ మీటరుతో చూసి చెడినవి మార్చితే చాలు. దీనికి భిన్నంగా 1990 చుట్టుపక్కల వచ్చిన బోర్డుకి అతికించే చిన్న రేకు డబ్బాల్లాంటి కండెన్సర్లు, సెగా గేమ్ గేర్‌లో ఉన్నలాంటివి, వాటిని మాత్రం కొలవకుండానే మార్చేయాలి, ఎందుకంటే కింద నుంచి ద్రవం కారి ట్రాకుల్ని తినేస్తూ ఉంటుంది. ఐరన్ పెట్టగానే చేపల కంపు వస్తే కారిందని గుర్తు, ఫిషింగ్ హార్బర్ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఆ వాసన పట్టడం కష్టమేం కాదు. కొత్తవి వేసేటప్పుడు 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలవి వేయాలి, కండెన్సర్ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారుగా సగం అవుతుంది, మన వేడికి ఆ తేడా పెద్దదే.

386, 486 బోర్డులున్న పాత పీసీల్లో గడియారం కోసం పెట్టిన నీలం రంగు పీపా లాంటి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది, అది కారిందంటే బోర్డు మీద పచ్చగా తెల్లగా పొక్కులు కడుతుంది. చాలా బోర్డుల్లో అది కీబోర్డు కనెక్టర్ పక్కనే ఉంటుంది కాబట్టి "కీబోర్డ్ ఎర్రర్" అని వస్తుంది, పాపం కొత్త కీబోర్డు కొంటారు. కారింది క్షారం, కాబట్టి కాస్త వెనిగర్ లేదా నిమ్మరసం దూదితో అద్దితే బుసబుసమని విరుగుతుంది, తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత ఆల్కహాల్. తెగిన ట్రాకులకి సన్నటి జంపర్ వైర్లు. మెషిన్ ఇంకా పని చేస్తున్నా సరే ఆ బ్యాటరీని ఈరోజే కోసేయాలి, రేపు చూద్దాం అనుకునే పని కాదు ఇది.

కాంటాక్టుల దగ్గర అందరూ చేసే పని ఊదడం. క్యాసెట్ తీసి ఫూమని ఊది మళ్ళీ పెడితే గేమ్ వచ్చేది, నిజమే, కానీ పనిచేసింది ఊపిరి కాదు, తీసి పెట్టడం వల్ల పిన్నులు కొత్త చోట రాసుకోవడం. ఊపిరిలో తేమ మాత్రం రాగికి చిలుము పట్టిస్తూ పోయింది. ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రెండు వైపులా తుడిస్తే ఎంత నలుపు వస్తుందో చూస్తే తెలుస్తుంది. రబ్బరుతో రుద్దడం మరీ మొండి చిలుముకే వాడాలి, చవక క్యాసెట్ల మీద పూత చాలా పల్చన, రెండు మూడుసార్లు రుద్దితే రాగి బయటపడిపోతుంది. బేసుల్లో ఉన్న ఐసీలకి కూడా ఇదే వైద్యం, ఒకసారి మెల్లగా రెండు వైపులా లేపి మళ్ళీ నొక్కితే బతికిన బోర్డులు కోకొల్లలు. స్పెక్ట్రమ్ కీబోర్డు పని చేయకపోతే లోపలి ప్లాస్టిక్ పొర తోకలు ఎండి పెళుసెక్కి విరిగి ఉంటాయి, అవి కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి, అతికించాలని చూడటం దండగ.

మధ్యలో టీవీ గొడవ ఒకటుంది. మెషిన్ బాగానే ఉన్నా కొత్త టీవీ దాన్ని గుర్తించకపోవచ్చు, యాంటెన్నా వైరు ద్వారా వెళ్ళే ఆర్ఎఫ్ సిగ్నల్ బలహీనంగా ఉంటే ఆటో స్కాన్ దాటేసి వెళ్ళిపోతుంది, మాన్యువల్‌గా ట్యూన్ చేయాలి. ఏవీ వైరు పెట్టినా ఆ మెషిన్లు పంపే బొమ్మ టీవీ ప్రసారంలాగ సరి బేసి గీతలు మార్చి మార్చి పంపేది కాదు, కొన్ని కొత్త టీవీలకి అది అర్థంకాక నీలం తెర చూపిస్తాయి. అమెరికా, జపాన్‌ల టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో పనిచేసే మెషిన్ తెస్తే, మన పద్ధతి పాల్ రకం పాత టీవీలో బొమ్మ వచ్చి రంగు రాకపోవడం కూడా రోగం కాదు. తెలిసినవాళ్ళ ఇంట్లో పాత డబ్బా టీవీ ఇంకా ఉంటే ముందు అందులో చూసి అప్పుడు స్క్రూడ్రైవర్ తీయడం మేలు.

ఇవన్నీ అయ్యాక, వోల్టేజీలు సరిగ్గా ఉండి, కాంటాక్టులు శుభ్రంగా ఉండి, అప్పటికీ మెషిన్ లేవకపోతే చిప్పుల వంతు. అక్కడ కూడా మెషిన్ తనే కొంత చెప్తుంది. బీబీసీ మైక్రో ఆన్ చేయగానే సౌండ్ చిప్పు తనంతట తనే మోగడం మొదలెడుతుంది, కాస్త ఆగి ప్రాసెసర్ లేచి దాన్ని ఆపి బీప్ కొడుతుంది, కాబట్టి ఒకే శబ్దం ఆగకుండా మోగుతూ ఉంటే ప్రాసెసర్ తన ప్రోగ్రామ్ దాకా రాలేదని అర్థం. చెవితోనే ఇంత తెలుస్తుంది. వేలితో ఇంకొంత, ఆన్ చేసిన ఒక నిమిషానికి మెమరీ చిప్పుల మీద వరసగా వేలు పెట్టుకుంటూ పోతే అన్నీ గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం చురుక్కుమంటే అది లోపల షార్ట్ అయినట్టే. అనుమానం ఉన్న మెమరీ చిప్పు మీద అదే రకం మంచి చిప్పుని కాళ్ళకి కాళ్ళు ఆనించి పైన ఎక్కించి చూసే పాత పద్ధతి కూడా ఉంది, ఎప్పుడూ పని చేయదు గానీ చేసినప్పుడు అనవసరంగా పీకే శ్రమ తప్పుతుంది. పీకాల్సి వస్తే మాత్రం చిప్పు బతకాలా బోర్డు బతకాలా అని ముందే తేల్చుకోవాలి, చిప్పు ఎలాగూ చెడిపోయింది కాబట్టి కాళ్ళు కట్ చేసి ఒక్కో కాలూ విడిగా లాగితే బోర్డుకి దెబ్బ తగలదు, ఆ చోట ఐసీ బేసు వేసేయాలి. స్పెక్ట్రమ్‌లో ఉండే జెడ్80 ప్రాసెసర్ 1976 నుంచి దాదాపు యాభై ఏళ్ళు తయారై 2024లో ఆ పాత రూపంలో ఆపేశారు, అయినా పాత స్టాకు, పాత బోర్డుల్లోంచి తీసినవి దొరుకుతూనే ఉన్నాయి. బీబీసీ మైక్రోలో ఉండే 6502 ప్రాసెసర్ కుటుంబానికైతే కొత్త రూపం ఇప్పటికీ తయారవుతోంది. దొరకడం కష్టమైంది ఆ మెషిన్‌కే ప్రత్యేకంగా చేసిన యూఎల్ఏ లాంటి చిప్పు, ఇంకా వీడియో గేముల్లో బోర్డు మీద నల్లటి ఎపాక్సీ చుక్క కింద ఉండేది, ఆ చుక్క కింద పోతే మాత్రం బాగుచేయడం కుదరదు, అదే రకం ఇంకో బోర్డు చూసుకోవాల్సిందే. ప్రోగ్రామ్ దాచిపెట్టే, పైన చిన్న గాజు కిటికీ ఉన్న ఈప్రోమ్ చిప్పుల మీద స్టిక్కర్ ఊడిపోయి ఉంటే వెంటనే కొత్తది అంటించాలి, వెలుతురు నెమ్మదిగా లోపలి డేటాని చెరిపేస్తుంది.

ప్రింటర్ల సంగతి వేరు, ఎందుకంటే ఇవి ఇంకా డ్యూటీలో ఉన్నాయి. ఆటోనగర్ వైపు లారీ కాటాల దగ్గర, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో కార్బన్ కాపీలతో చీటీ కావాలి, లేజర్ ప్రింటర్ మూడు కాగితాల మీద ఒకేసారి కొట్టలేదు, అందుకని టీవీఎస్ ఎమ్ఎస్‌పీ, విప్రో ఎల్ఎక్స్ 800 లాంటివి దుమ్ములో, ఉప్పులో, ఫ్యాన్ కూడా సరిగ్గా లేని గదుల్లో ఏళ్ళ తరబడి కీచుమంటూ కొడుతూనే ఉంటాయి. వీటిని అభిమానించకుండా ఉండటం కష్టం. ఆగిపోయినప్పుడు మొదట తేల్చాల్సింది తప్పు ప్రింటర్‌దా, కంప్యూటర్‌దా, మధ్యలో వైరుదా అని, దానికి దారి ప్రింటర్‌లోనే పెట్టారు. లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే ఎప్సన్ తరహా ప్రింటర్లు తమంతట తాము అక్షరాలన్నీ కొట్టి చూపిస్తాయి, ఇది బాగా వస్తే మోటార్లు, హెడ్డు బాగున్నట్టు, బోర్డు కూడా చాలావరకు బాగున్నట్టు. లైన్ ఫీడ్, ఫామ్ ఫీడ్ రెండూ నొక్కి ఆన్ చేస్తే వచ్చిన ప్రతి బైటునీ అంకెల్లో కొడుతుంది, దాన్ని హెక్స్ డంప్ అంటారు. ప్యారలల్ వైరులో ఎనిమిది డేటా లైన్లు ఉంటాయి, వాటిలో అన్నిటికంటే కింది లైను ఎప్పుడూ సున్నా దగ్గరే ఇరుక్కుపోయిందనుకుంటే, వైజాగ్ అని ఇంగ్లీషులో పంపితే వీ, జెడ్ సరిగ్గానే వస్తాయి, ఐ బదులు హెచ్, ఏ బదులు ఎట్ గుర్తు, జీ బదులు ఎఫ్ పడతాయి. చూసేవాళ్ళకి పిచ్చి అక్షరాలు, తెలిసినవాళ్ళకి ఏ పిన్ను తుప్పు పట్టిందో చెప్పే చిరునామా. ఉప్పుగాలికి ఆ 36 పిన్నుల కనెక్టర్ చిలుము పట్టడం ఇక్కడ మామూలే, ప్రింటర్ బోర్డు మార్చే ముందు ఒక వైరు మార్చి చూడటం మరీ చవక.

అక్షరాల మధ్య అడ్డంగా తెల్ల గీత పోతుంటే హెడ్డులో ఒక పిన్ను పని చేయట్లేదు. పిన్ను విరిగిందా, కాయిల్ కాలిందా, హెడ్డు దాకా వచ్చే పట్టీ వైరు మడతల దగ్గర తెగిందా అన్నది మీటరు చెప్తుంది, తొమ్మిది కాయిళ్ళూ వరసగా కొలిస్తే ఎనిమిది ఒకేలాగ చూపించి ఒకటి తేడాగా ఉంటే దొంగ దొరికినట్టే. ఇక్కడ ఒక పెద్ద ఉచ్చు ఉంది. కాయిల్‌కి రెప్పపాటు కంటే తక్కువసేపు కరెంటు ఇవ్వాలి, అలాగే దాన్ని తయారుచేశారు, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్ షార్ట్ అయిపోతే కరెంటు ఆగకుండా పారి కాయిల్ మాడిపోతుంది. అది చూడకుండా వేలు ఖర్చుపెట్టి కొత్త హెడ్డు వేస్తే ఆన్ చేసిన మరుక్షణం అది కూడా పోతుంది. హెడ్డు మార్చేముందు ఆ ట్రాన్సిస్టర్లన్నీ కొలవాల్సిందే, దీనికి మినహాయింపు లేదు. రిబ్బన్‌కి స్టాంపు ప్యాడ్ ఇంకు పోసి మళ్ళీ వాడే అలవాటు కూడా హెడ్డుకి చేటు, అసలు రిబ్బన్ ఇంకులో నూనె ఉంటుంది, పిన్నులు సులువుగా జారేది దానివల్లే, స్టాంపు ఇంకులో ఆ గుణం లేదు, ఎండి గట్టిపడి పిన్నుల్ని పట్టేస్తుంది. కాగితం మందానికి తగ్గట్టు పక్కన ఒక మీట ఉంటుంది, మూడు కాపీల చీటీకి దాన్ని ఒక గడి వెనక్కి జరపాలి, ఎవరూ జరపరు, రిబ్బన్ చిరుగుతుంది, ఆ చిరుగులో పిన్ను ఇరుక్కుని విరుగుతుంది. క్యారేజీ కీచుమని ఆగిపోతుంటే కరెంటు తీసేసి చేత్తో అటూ ఇటూ జరిపి చూస్తే చాలు, బరువుగా ఉంటే కడ్డీ మీద తుప్పు, పాత గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడ్డాయని తెలిసిపోతుంది, తుడిచి పల్చటి మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు వేస్తే మోటారు మీద భారం తగ్గుతుంది. వానాకాలంలో కంటిన్యుయస్ స్టేషనరీ చెమ్మకి మెత్తబడి పక్క చిల్లులు చిరిగి అడ్డంగా నడవడం కూడా మామూలే, కాగితం కట్టని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫ్లాపీల దగ్గర మాత్రం వరస తిరగబడుతుంది, ఇక్కడ మెషిన్ కంటే డిస్కు ముఖ్యం, డ్రైవు ఇంకోటి తెచ్చుకోవచ్చు గానీ అందులో ఉన్న ప్రాజెక్టు, ఉత్తరాలు, లెక్కలు ఇంకోచోట ఉండవు. ఈ ఊరి తేమకి డిస్కు మీద బూజు పడుతుంది, కిటికీలోంచి వెలుతురుకి పెట్టి తిప్పి చూస్తే తెల్లటి మచ్చలు, వలయాలు కనపడతాయి. అలాంటిది డ్రైవులో పెట్టి తిప్పితే హెడ్డు ఆ పొరని గీసుకుంటూ పోతుంది, చప్పుడు మారిందంటే అప్పటికే నష్టం జరిగిపోయింది. పెద్ద ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ అయితే పై అంచు జాగ్రత్తగా కోసి లోపలి పల్చటి బిళ్ళని బయటికి తీసి, కాస్త సబ్బు కలిపిన నీళ్ళతో వేలి కొసలతో మెల్లగా కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, నీడలో ఆరబెట్టి, పనికిరాని ఇంకో ఫ్లాపీ కవరు శుభ్రం చేసి అందులో పెట్టి చదవాలి. మొదటిసారి చదివేటప్పుడే మొత్తం డిస్కుని ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసి కంప్యూటర్‌లో పెట్టేసుకోవాలి, ఫైళ్ళు ఏమున్నాయో తీరిగ్గా తర్వాత చూసుకోవచ్చు, ఆ డిస్కు రెండోసారి చదవనిస్తుందో లేదో. చదివాక డ్రైవు హెడ్డుని ఆల్కహాల్ దూదితో తుడవాలి, ఒక్కో డిస్కుకీ మధ్య తుడవాలి, ఎన్నున్నా సరే తుడవాలి, లేదంటే ఒక డిస్కు మీది బూజు హెడ్డుకి అంటుకుని డబ్బాలో ఉన్న మిగతా డిస్కులన్నిటికీ పాకుతుంది.